గాబ్రియెలీ మేళంలో ఇత్తడి ఎంత?

రిలీజ్ ఉన్న రాత్రుల్లో మనం చేసే పని నిజానికి చాలా తక్కువ. బిల్డ్ దాని మానాన అది నడుస్తుంటుంది, కాల్‌లో పదిమంది మ్యూట్‌లో ఉంటారు, మధ్యమధ్యలో ఎవరో ఒక మేనేజర్ గొంతు సవరించుకుని "ఎనీ అప్‌డేట్?" అంటాడు. అలాంటి ఒక రాత్రి యూట్యూబ్ తనంతట తానే ఒక పాత రికార్డు తెచ్చి నా ముందు పడేసింది. పేరు "ది యాంటిఫోనల్ మ్యూజిక్ ఆఫ్ గాబ్రియెలీ". 1968లో ఫిలడెల్ఫియా, క్లీవ్‌లాండ్, షికాగో ఆర్కెస్ట్రాల్లో ఇత్తడి వాయిద్యాలు వాయించేవాళ్లు ఫిలడెల్ఫియాలో ఒకచోట చేరి కొలంబియా కంపెనీకి చేసిన రికార్డింగ్. యాంటిఫోనల్ అంటే పెద్ద విషయమేం కాదు. ఒక గుంపు ఒక మాట అంటే ఎదుటి గుంపు బదులు చెప్పడం. మన భజనల్లో ఉన్నదే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్లే నొక్కాను. ఎడమ చెవిలో ట్రంపెట్లు ఒక మాట అన్నాయి. కుడి చెవిలో ఇంకో గుంపు అదే మాటని కొంచెం తిప్పి అంది. ఆ తర్వాత రెండూ కలిసి ఒక్కసారిగా లేచాయి చూడండి... బిల్డ్ ఫెయిలయిందని కాల్‌లో నన్ను రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు.

ఆ తర్వాత ఏడాదిపాటు అదే పిచ్చి. ఇత్తడి బృందాలు వాయించిన రినైసాన్స్ సంగీతం అని ఏది కనపడితే అది విన్నాను. ఇంగ్లండ్ వాళ్ల ఫిలిప్ జోన్స్ బృందం, కెనడా వాళ్ల కెనేడియన్ బ్రాస్, వాళ్లు వాయించిన గాబ్రియెలీ, సుసాటో, అన్నీ. క్యాంటీన్‌లో ఎవరైనా ఏం వింటున్నావురా అంటే "1597 నాటి వెనిస్" అని కొంచెం గొప్పగానే చెప్పేవాణ్ణి. ఆ గొప్ప ఎలా పోయిందో చెప్పడానికే ఇదంతా.

పోయిన చలికాలంలో శుక్లాల ఆపరేషన్ కోసం మా పెదనాన్న హైదరాబాద్ వచ్చి మా ఫ్లాట్‌లో పది రోజులున్నారు. ఆయన పాతికేళ్ల పైచిలుకు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించారు. తెనాలి చుట్టుపక్కల ఆయన వాయించని పెళ్లి ఊరేగింపు తక్కువ. కంటికి కట్టు ఉంది, టీవీ చూడకూడదు, పొద్దుపోదు. ట్రంపెట్ మనిషి కదా అని నా రికార్డు స్పీకర్లో పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని, దుప్పటి మీద మూడు వేళ్లతో మీటలు నొక్కుతూ చివరిదాకా విన్నారు.

"బాగా వాయించార్రా. ఊపిరున్నవాళ్లు. ఎక్కడిదిది?" అన్నారు.

"ఇటలీలో చర్చిది పెదనాన్నా. నాలుగొందల ఏళ్ల కిందటి సంగీతం."

"చర్చిలోనా? పాడేవాళ్లు కూడా ఉంటారా?"

"ఉండేవాళ్లట."

"మరి వీళ్లింత గట్టిగా ఊదుతుంటే ఆ పాడేవాళ్ల గొంతు ఎవడికి వినపడుద్ది? బ్యాండు అనేది ఆరుబయట వాయిద్యం నాన్నా. నాలుగ్గోడల మధ్య ఇట్టా వాయిస్తే పెళ్లివారే తంతారు."

నేను ఏదో స్టీరియో, మైకులు అని సర్దబోయాను కానీ నాకే నమ్మకం కుదరలేదు. ఏడాది నుంచి వింటున్న నాకు ఈ ప్రశ్న ఎందుకు రాలేదు? ఆయనకి ఒక్క వినికిడిలో ఎలా వచ్చింది? ఊదినవాడికి తెలుస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి తెలియదు, అంతే. ఆ రాత్రి నుంచి తవ్వడం మొదలుపెట్టాను.

ముందు ఆ చర్చి సంగతి. వెనిస్‌లోని సాన్ మార్కో ఆ రోజుల్లో కేథడ్రల్ కాదు. ఆ హోదా దానికి 1807లో గానీ రాలేదు. అప్పట్లో అది వెనిస్ పాలకుడైన డోజ్ సొంత ప్రార్థనామందిరం. మన లెక్కలో ఆస్థాన దేవాలయం అనుకోవచ్చు. అయిదు గుమ్మటాలు, లోపల గోడల నిండా బంగారు మొజాయిక్, కిందా పైనా వేదికలు, రెండు వైపులా రెండు ఆర్గన్లు. విదేశీ రాయబారి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టి తమ రాజ్యం ఎంత గొప్పదో చూపించేవాళ్లు. చూపించడం కన్నా వినిపించడం అనాలేమో. అందుకే సంగీతం మీద ఖర్చుకి వెనకాడలేదు. 1527లో ఫ్లాండర్స్ నుంచి వచ్చిన విల్లార్ట్‌ని సంగీతాధిపతిగా పెట్టుకున్నారు. 1568లో జిరొలామో దల్లా కాసా అనే ఆయన్నీ ఆయన తమ్ముళ్లనీ జీతాల మీద తీసుకున్నారు. సాన్ మార్కోకి శాశ్వత వాయిద్య బృందం అలా మొదలైంది.

జొవాన్ని గాబ్రియెలీ వీళ్ల మధ్య ఎదిగినవాడే. బాబాయో పెదనాన్నో తెలియదు గానీ, తండ్రి వరసైన ఆంద్రెయా గాబ్రియెలీ దగ్గర నేర్చుకుని, కొన్నాళ్లు మ్యూనిక్‌లో లాసో కొలువులో పనిచేసి, 1585 నుంచి చనిపోయే దాకా, అంటే 1612 దాకా, సాన్ మార్కోలో ఆర్గనిస్టుగా ఉన్నాడు. 1597లో "సాక్రె సింఫొనియె" అనే సంపుటం అచ్చు వేయించాడు. అందులో పాడేవాటితోపాటు కేవలం వాయించడానికి రాసినవి 16 ఉన్నాయి. నా 1968 రికార్డు దానికి చాలా రుణపడి ఉంది.

ఆ 16లో ఒకటి సంగీత చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ కనిపిస్తుంది: "సొనాటా పియన్ ఎ ఫోర్తె". ఎందుకంటే అప్పటిదాకా వాయిద్య సంగీతం రాసేవాళ్లు ఏ గీత ఏ వాయిద్యం వాయించాలో సాధారణంగా రాసేవాళ్లు కాదు. చేతిలో ఏది ఉంటే అది. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా అన్నది కూడా రాసేవాళ్లు కాదు. గాబ్రియెలీ ఇందులో రెండూ రాశాడు. అలా రెండూ రాసి అచ్చైన మొట్టమొదటి కృతుల్లో ఇది ఒకటి. మెల్లగా, గట్టిగా అన్నది ఆయన చేసిన తీరు చూస్తే మనలాంటి వాళ్లకి ముచ్చటేస్తుంది. ఒక గుంపు ఒంటరిగా వాయించే చోట "పియన్", రెండు గుంపులూ కలిసే చోట "ఫోర్తె". దాదాపు అంతే. వాల్యూమ్ బటన్ కాదు, రెండో సర్వర్ ఆన్ చేయడం!

ఇక వాయిద్యాల జాబితా. రెండు గుంపులు, గుంపుకి నలుగురు. మొదటి గుంపులో ఒక కోర్నెట్టో, మూడు ట్రాంబోన్లు. రెండో గుంపులో ఒక వయొలీనో, మూడు ట్రాంబోన్లు. (ఆ వయొలీనో గీత మామూలు వయొలిన్ అందుకోలేనంత కిందికి వెళ్తుంది, కాబట్టి అది ఇప్పటి వయోలా లాంటిది అన్నమాట.) ట్రంపెట్ ఎక్కడా లేదు. ఏడాదిపాటు నేను "ఇత్తడి కృతి" అని విన్నదాంట్లో ఎనిమిదింటిలో ఒకటి తీగల వాయిద్యం, ఇంకొకటి చెక్క వాయిద్యం!

కోర్నెట్టో అంటే బ్యాండులో వాడే కార్నెట్ అనుకోకండి, పేర్లు కలిశాయంతే. ఒక చెక్కని కొద్దిగా వంకరగా కోసి, రెండు బద్దలుగా చీల్చి, లోపల తొలిచి, మళ్లీ అతికించి, పైన నల్ల తోలు చుడతారు. పిల్లనగ్రోవిలా వేళ్లకి ఆరు కన్నాలు, వెనక బొటనవేలికి ఒకటి. కానీ ఊదే చోట మాత్రం ట్రంపెట్‌లా చిన్న గిన్నె ఉంటుంది, పెదాలు బిగించి అదిరించాలి. అంటే తల ట్రంపెట్‌ది, ఒళ్లు పిల్లనగ్రోవిది. వాయించడం మహా కష్టం. కానీ కుదిరినవాడి చేతిలో మనిషి గొంతులా పలుకుతుందని ఆ కాలంలో పేరు. ఇందాక చెప్పిన దల్లా కాసా స్వయంగా కోర్నెట్టో విద్వాంసుడు. 1584లో ఒక పుస్తకం వేసి, ఊదే వాయిద్యాల్లో మనిషి గొంతుని అనుకరించడంలో దీన్ని మించింది లేదని రాసుకున్నాడు. (తన వాయిద్యం గురించి ఎవరైనా అలాగే రాస్తారు, నిజమే. కానీ ఇంకా చాలామంది అదే మాట అన్నారు.)

అప్పటి ట్రాంబోన్‌ని ఇప్పుడు శాక్‌బట్ అంటున్నారు. జారే గొట్టం పద్ధతి ఇప్పటిదే. గొట్టం మాత్రం సన్నం, చివర గంట చిన్నది, అందుకని శబ్దం మెత్తన. 1551లో ఎరాస్ముస్ ష్నిట్సర్ చేసిన ఒకటి ఇప్పటికీ నురెంబెర్గ్ మ్యూజియంలో ఉంది. పాడేవాళ్ల పక్కన నిలబడి వాళ్ల గొంతుల్లో కలిసిపోవడం దీని ఉద్యోగం. పెదనాన్న ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. సాన్ మార్కోలో పాడేవాళ్ల గొంతు వినపడేది, ఎందుకంటే ఊదేవాళ్ల చేతుల్లో ఉన్నవి ఊరేగింపు వాయిద్యాలు కావు.

మరి వెనిస్‌లో ట్రంపెట్లే లేవా? ఉన్నాయి. డోజ్ ఊరేగింపులో పొడుగాటి వెండి బాకాలు ఆరు ముందు నడిచేవి. కానీ వాటికి మీటలు లేవు. పెదవి బిగింపుని బట్టి పలికే కొద్ది స్వరాలే దిక్కు, కింది స్థాయిలో అయితే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. పెదనాన్న దుప్పటి మీద నొక్కిన ఆ మూడు మీటలున్నాయే, వాటి వెనక ఉన్న వాల్వు అనేదాన్ని జర్మనీలో ష్టోల్ట్‌సెల్, బ్ల్యూమెల్ అనే ఇద్దరు కనిపెట్టి పేటెంట్ తీసుకున్నది 1818లో. గాబ్రియెలీ పోయి అప్పటికి రెండొందల ఆరేళ్లు. నా రికార్డులో అడుగున గుమ్మెత్తించే ట్యూబా ఇంకా కుర్రది, దాని పేటెంటు 1835లో బెర్లిన్‌లో. మొత్తానికి నేను 1597 అని చెప్పుకు తిరిగిన శబ్దంలో 1597కి చుట్టం ట్రాంబోన్ ఒక్కటే. అదీ బాగా ఒళ్లు చేసిన చుట్టం :)

అసలు శబ్దం విన్నవాడి సాక్ష్యం ఏదైనా ఉందా అని వెతికితే థామస్ కోర్యాట్ దొరికాడు. ఇంగ్లండ్ నుంచి బయల్దేరి చాలామటుకు కాలినడకన యూరప్ తిరిగిన వింత మనిషి. 1608 ఆగస్టులో సెయింట్ రాక్ పండగ రోజు వెనిస్‌లో ఉన్నాడు. ఆ పండగ జరిపే సాన్ రోకో సంఘంలో కూడా గాబ్రియెలీయే ఆర్గనిస్టు. సాయంత్రం అయిదింటి నుంచి ఎనిమిదింటిదాకా మూడు గంటలు విన్నాడట. 1611లో అచ్చైన తన యాత్రా పుస్తకంలో తలలు లెక్కపెట్టి మరీ రాశాడు: ఒక దశలో పదహారుమంది కలిసి వాయించారు, పది శాక్‌బట్లు, నాలుగు కోర్నెట్టోలు, మామూలుకన్నా చాలా పెద్దవైన రెండు వయోలా ద గాంబాలు. ఇంకా ఏడు ఆర్గన్లు ఉన్నాయని కూడా రాశాడు. అలాంటిది మళ్లీ వినడానికైతే వంద మైళ్లు నడిచైనా వస్తానన్నాడు. నడిచే అలవాటున్నవాడు కాబట్టి నమ్మొచ్చు.

పది శాక్‌బట్లకి నాలుగు కోర్నెట్టోలు. ఈ లెక్క చూశాక నా చెవిలో ఉన్న వెనిస్ రంగు మారిపోయింది. తళతళలాడే మెరుపు కాదు, పొద్దుగూకే వేళ గుమ్మటం కింద బంగారం ఎలా కనపడుతుందో అలాంటిదన్నమాట.

ఈ శబ్దం ఎలా పోయిందన్నది ఇంకో కథ. గాబ్రియెలీ 1612లో పోయాడు. ఆయన దగ్గర చివరి మూడేళ్లు చదువుకున్న షుట్స్ ఆ విద్యని జర్మనీకి పట్టుకెళ్లాడు. వెనిస్‌లో మాత్రం గాలి తిరిగింది. అప్పటి సంగీత పుస్తకాల్లో "వయొలిన్‌కి గానీ కోర్నెట్టోకి గానీ" అని రాయడం మామూలు. అంత కష్టపడి పెదాలు బిగించే బదులు వయొలినే నేర్చుకుంటే పోలా అని కుర్రాళ్లు అనుకోవడం కూడా సహజం. ఇంతలో 1630లో ప్లేగు వచ్చింది. ఏడాదిన్నరలో వెనిస్‌లో దాదాపు 46,000 మంది చనిపోయారు, ఊళ్లో మూడోవంతు. గురువు నుంచి శిష్యుడికి నోటితో, చేత్తో అందే విద్య అది. మధ్యలో ఒక తరం పోతే ఆ లింకు తెగినట్టే. జర్మనీ ఊళ్లలో మునిసిపాలిటీ వాయిద్యకారులు ఇంకో వందేళ్లు లాక్కొచ్చారు, బాఖ్ కాంటాటాల్లో అక్కడక్కడా కోర్నెట్టో గొంతులతో కలిసి నడవడం వింటాం. ఆ తర్వాత కోర్నెట్టోలు మ్యూజియం అద్దాల వెనక్కి వెళ్లిపోయాయి. గాబ్రియెలీనే మర్చిపోయారు. 1834లో వింటర్‌ఫెల్ట్ అనే జర్మన్ ఆయన మీద పెద్ద గ్రంథం రాసేదాకా ఆ పేరు ఎత్తినవాళ్లు బహు తక్కువ.

మరి అమెరికా ఆర్కెస్ట్రాల వాళ్లకి ఈయన ఎలా తగిలాడు? దీనికి జవాబు నాకు భలే నచ్చింది: ఖాళీగా కూర్చుని కూర్చుని. ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించేవాడి బతుకు మన ఆన్‌కాల్ సపోర్టు బతుకే. బేతోవెన్ అయిదో సింఫనీలో ట్రాంబోన్లు మొదటి మూడు భాగాలు నోరెత్తవు, చివరి భాగంలో దిగుతాయి. బ్రామ్స్ మొదటి సింఫనీలోనూ అదే కథ. అంతసేపూ బార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. వయొలిన్ వాళ్లకి ఇంటికెళ్లి నలుగురు కూర్చుని వాయించుకోవడానికి హైడ్న్ నుంచి బార్టోక్ దాకా రాసిపెట్టారు. మొత్సార్ట్, బేతోవెన్, బ్రామ్స్... ఇత్తడి బృందానికని ఒక్క పెద్ద కృతి రాసినవాడు లేడు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆకలితో వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే నేరుగా గాబ్రియెలీ ఇంటి గుమ్మంలో తేలారు. పదిహేను గీతల దాకా ఉన్న కృతులు, అన్నీ ఊదడానికి అనువుగా ఉన్నాయి, చేసినవాడు గొప్పవాడు. ఇంకేం కావాలి? లండన్‌లో ఫిలిప్ జోన్స్ 1951లో తన బృందం పెట్టాడు. ఇత్తడి వాయిద్యకారులు కూడా వేదిక మీద ఒంటరిగా నిలబడి కచేరీ చేయగలరని 1986 దాకా, అంటే ఆయన విరమించుకునే దాకా, చూపించిన బృందం అది.

రెండో కారణం మన ఫీల్డ్‌కి దగ్గరిది: టెక్నాలజీ. 1958 ప్రాంతంలో స్టీరియో రికార్డులు బజార్లోకి వచ్చాయి. రెండు స్పీకర్లు కొన్నవాడు ఇంటికొచ్చిన చుట్టాలకి ఏం వినిపించి గొప్ప చెప్పుకోవాలి? ఎడమ నుంచి ఒక గుంపు, కుడి నుంచి ఒక గుంపు. గాబ్రియెలీ వీళ్ల కోసమే నాలుగొందల ఏళ్లు ముందుగా రాసిపెట్టినట్టు ఉన్నాడు! 1967లో ఆర్గనిస్టు పవర్ బిగ్స్‌తో కొలంబియా వాళ్లు సాన్ మార్కోలోనే మైకులు పెట్టి ఒక రికార్డు చేశారు. ఆ మర్నాడు సంవత్సరం మూడు ఆర్కెస్ట్రాల రికార్డు, దానికి గ్రామీ కూడా వచ్చింది. గుంపుల్ని ఎదురెదురుగా, అంత ఖచ్చితంగా ఎడమా కుడీ విడదీసి నిలబెట్టేవాళ్లా అన్నదాంట్లోనూ తేడాలున్నాయి. పాత పత్రాలు తిరగేసిన చరిత్రకారులు, విల్లార్ట్ కాలంలో రెండు గుంపుల పాటల్ని చాలాసార్లు ఒకే పెద్ద వేదిక మీంచి పాడారని తేల్చారు. గాబ్రియెలీ కాలానికి వేదికలు పెరిగాయి, నిజమే. కానీ నా చెవుల్లో మోగే ఆ ఎడమా కుడీ వెనిస్‌ది ఎంతో, సౌండు ఇంజనీరుది కూడా అంతే.

ఇంకోవైపు కోర్నెట్టోని బతికించే పని కూడా దాదాపు ఆ రోజుల్లోనే మొదలైంది. 1950ల్లో బెర్లిన్‌లో ఓటో ష్టైన్‌కోఫ్, ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ మంక్ మ్యూజియం వాయిద్యాలు చూసి కొత్తవి చేయడం మొదలుపెట్టారు. మంక్ తర్వాత చవగ్గా రెజిన్‌తో కూడా పోతపోశాడు, దాంతో విద్యార్థులకి అందుబాటులోకి వచ్చింది. కానీ నేర్పే గురువేడి? రెండొందల ఏళ్లుగా వాయించినవాడు లేడు. అమెరికన్ బ్రూస్ డికీ లాంటివాళ్లు దల్లా కాసా పుస్తకం లాంటివి ముందు పెట్టుకుని, పాత కోడ్‌ని కామెంట్లు చూసి అర్థం చేసుకున్నట్టు, ఒక్కో సాధనా చేస్తూ తమకి తామే నేర్చుకున్నారు. డికీ 1987లో చార్లెస్ టోయెట్ అనే శాక్‌బట్ విద్వాంసుడితో కలిసి కాంచెర్తో పలతీనో బృందం పెట్టాడు. 1990లో పాల్ మెక్రీష్ బృందం "ఎ వెనీషియన్ కోరొనేషన్ 1595" అని ఒక రికార్డు తెచ్చింది. ఆ ఏడు మరీనో గ్రిమానీ డోజ్ అయినప్పటి ఉత్సవాన్ని గంటలు, బాకాలు, కోర్నెట్టోలతో ఊహించి కట్టారు.

నిజం చెప్పాలంటే మొదటిసారి విన్నప్పుడు నీరసం వచ్చింది. ఏంటిది, ఎవరో పక్కింట్లో వాయిస్తున్నట్టు ఉందే అనిపించింది. ఏడాదిపాటు ఆవకాయ తిన్న నాలుకకి చప్పిడి పప్పు పెట్టినట్టు. రెండో రోజు హెడ్‌ఫోన్స్ తీసేసి, స్పీకర్లో తక్కువ సౌండుతో, లైటాపి విన్నాను. అప్పుడు తెలిసింది. ఒక చోట పాడే మనిషి ఆగిపోయాడు, కోర్నెట్టో అందుకుంది, ఎక్కడ మారిందో నేను పట్టుకోలేకపోయాను. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ పట్టుకోలేదు. 1968 రికార్డులో ఇది దొరకదు. అక్కడ ప్రతి ప్రవేశం తెలిసిపోతుంది, అదే దాని అందం.

ఇంకో తేడా కూడా ఉంది. అమెరికా వాళ్లు కాగితం మీద ఏముంటే అది, ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాకుండా వాయించారు. కానీ దల్లా కాసా 1584 పుస్తకమూ, అదే సాన్ మార్కో మేళంలో కోర్నెట్టో వాయించిన బస్సానో 1585లో వేసిన పుస్తకమూ నేర్పేది ఏంటంటే, రాసిన పొడుగాటి స్వరాన్ని చిన్న చిన్న స్వరాలుగా పగలగొట్టి అప్పటికప్పుడు ఎలా అల్లాలన్నది. కాగితం మీద ఉన్నది ఎముకల గూడే. రాసిన స్వరం వేరు, పాడే గమకం వేరు అని తెలిసిన మనకి ఇది అర్థం చేసుకోవడం కష్టమేం కాదు.

అయితే 1968 వాళ్లు తప్పు చేశారా? దీని మీద నాతో నేనే చాలా రోజులు పోట్లాడాను. మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పాత గేమ్‌ని కొత్త మెషీన్ మీద ఆడాలంటే రెండు దారులు. ఒకటి పోర్ట్ చేయడం, కొత్త హార్డ్‌వేర్ బలం అంతా వాడుకుంటూ తిరగరాయడం. రెండోది ఎమ్యులేటర్, పాత చిప్ ఎలా నత్తనడక నడిచేదో అలాగే నడిపించడం. 1968ది పోర్ట్. మెక్రీష్‌ది ఎమ్యులేటర్. కొన్నిటికి పోర్ట్ చేయడంలో తప్పే లేదు. ఆంట్‌వెర్ప్‌లో ట్రంపెట్ కొలువు చేసుకుంటూ అచ్చాఫీసు నడిపిన సుసాటో 1551లో వేసిన నాట్యాల పుస్తకం అట్ట మీదే అన్ని రకాల వాయిద్యాలకీ పనికొస్తుందని వేసుకున్నాడు. దాన్ని ఫిలిప్ జోన్స్ ఇత్తడి మీద వాయించినా, డేవిడ్ మన్రో పాతకాలపు ఊదుడు వాయిద్యాల మీద వాయించినా ఆయనకేం అభ్యంతరం ఉండదు, పుస్తకం అమ్ముడుపోతే చాలు. కానీ సొనాటాలో గాబ్రియెలీ కష్టపడి వాయిద్యాల పేర్లు రాశాడు కదా, మొట్టమొదటివాళ్లలో ఒకడిగా! సరిగ్గా ఆ కృతినే తీసుకుని ఆ పేర్లు కొట్టేసి ట్రంపెట్ అని రాయడం మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. స్పెసిఫికేషన్ రాసినవాడి ఉసురు తగులుతుంది.

అలాగని ఎమ్యులేటర్ వాళ్లని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. వాళ్లదీ మైకుల ముందు, పది టేకులు కలిపి కుట్టిన 1990 నాటి శబ్దమే. నాకు కోపమల్లా వీడియోల కింద "అసలైన రినైసాన్స్ శబ్దం" అని పెట్టేవాళ్ల మీద. వాల్వుల ట్రంపెట్లూ ట్యూబా పెట్టుకుని ఆ మాట ఎలా అంటారు? నేనూ క్యాంటీన్‌లో అదే అన్నాను కాబట్టి కోపం కొంచెం నా మీద కూడా.

ఈ మధ్య ఇంకోటి తెలిసింది. 2014లో అమెరికా ఆర్కెస్ట్రాల ఇత్తడి వాయిద్యకారులు ఇరవైమందికి పైగా కలిసి నేషనల్ బ్రాస్ ఎన్‌సెంబుల్ అని పేరు పెట్టుకుని కాలిఫోర్నియాలోని స్కైవాకర్ స్టూడియోలో గాబ్రియెలీని మళ్లీ రికార్డు చేశారు. 2015లో విడుదలైంది. అది దేనికి నివాళి అనుకున్నారు? 1597కి కాదు. 1968 రికార్డుకి! కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఆ రికార్డు విని పెరిగినవాళ్లు, వాళ్ల గురువుల్లో కొందరు దాంట్లో వాయించినవాళ్లు. అంటే పోర్ట్‌కే ఒక వంశం ఏర్పడింది. ఇది తెలిశాక ఆ 1968 రికార్డు మీద నా ఇబ్బంది చాలావరకు పోయింది. అది 1597 కాకపోతే ఏం, 1968 కదా. ఫిలడెల్ఫియాలో అప్పటి గొప్పవాళ్లు ఎలా ఊదేవాళ్లో చెవులారా వినొచ్చు. దల్లా కాసా సంగతి అలా కాదు, ఆయన ఎలా ఊదాడో పుస్తకం మాత్రమే మిగిలింది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మెక్రీష్ రికార్డు పెదనాన్నకి వినిపించాను. కోర్నెట్టో ఫోటో కూడా ఫోన్లో చూపించాను, ఆపరేషనయ్యాక చూపు బాగుంది. చెక్కదా అని రెండుసార్లు అడిగారు. విన్నాక, "ఇదైతే పాడొచ్చు దీని పక్కన," అన్నారు. కాసేపాగి, "మా బ్యాండుది ఒక్క రికార్డింగూ లేదురా," అన్నారు.

ఉందని నేనన్నాను. మా అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ని పోయినేడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను, అందులో తమ్ముడి పెళ్లని ఆయన కూడా బ్యాండులో కలిసి వాయించారు. టీవీకి పెట్టాను. ఊరేగింపు వచ్చింది, పెట్రోమాక్స్ లైట్లు, మధ్యలో నల్ల మీసాలతో పెదనాన్న, బుగ్గలు పొంగి ఉన్నాయి. శబ్దం మాత్రం ఏదో సినిమా పాట. ఆ రోజుల్లో వీడియో తీసేవాళ్లు అసలు సౌండు తీసేసి పాటలు అతికించేవాళ్లు కదా, క్యాసెట్టు పొడుగునా అంతే.

నేను సౌండు ఆపేశాను. పెదనాన్న కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని, తెర మీద తన వేళ్లనే చూస్తూ, కుడిచేతి మూడు వేళ్లు మోకాలి మీద ఆడించడం మొదలుపెట్టారు. కొంచెంసేపటికి పెదాలు కూడా కదిలాయి.

"ఈ పాట కాదురా నేను వాయిస్తోంది. ఉండు... కొంచెం వెనక్కి తిప్పు, మొదట్లో రెండో వేలు సరిగ్గా కనపళ్లేదు," అన్నారు.